ఆర్‌ఎస్‌ఎస్ ఎందుకు పెరుగుతోంది: లారీ ట్రాకింగ్ సర్వర్‌లో మెమరీ లీకు వెతికిన అనుభవం

విశాఖ పోర్టు నుంచి సరుకు ఎత్తుకెళ్లే లారీల్లో జీపీఎస్ పరికరాలుంటాయి. అవి అరనిమిషానికోసారి పంపే ప్యాకెట్లను అందుకునే ప్రాసెస్ ఒకటి రుషికొండ ఆఫీసులో మా టీమ్ చూసుకునే సర్వర్ మీద నడుస్తుంది. సీ ప్లస్‌ప్లస్‌లో రాసినది. ఉబుంటు 22.04, 8 కోర్లు, 16 జీబీ ర్యామ్, అదే మెషీన్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. కొత్తగా స్టార్ట్ చేసినప్పుడు ఈ ప్రాసెస్ ఆర్‌ఎస్‌ఎస్, అంటే అది నిజంగా ఆక్రమించిన ర్యామ్, 600 ఎంబీ దగ్గర కుదురుకుంటుంది. వారం తిరిగేసరికి 9 జీబీ దాటేది. ఆ తర్వాత ఏదో ఒక రాత్రి పోస్ట్‌గ్రెస్ పడిపోయేది.

అందుకే ఫిర్యాదు మొదట డేటాబేస్ మీద వచ్చింది. కెర్నెల్ లాగ్ చూపే డీమెసేజ్‌లో చూస్తే ఓఓఎం కిల్లర్ (మెమరీ చాలనప్పుడు ఏదో ఒక ప్రాసెస్‌ను చంపే కెర్నెల్ ఏర్పాటు) ఒక పోస్ట్‌గ్రెస్ బ్యాకెండ్‌ను, అంటే ఒక కనెక్షన్‌ను చూసుకునే ప్రాసెస్‌ను, చంపినట్టు ఉంది. బ్యాకెండ్ ఒక్కటి సిగ్‌కిల్‌తో పోయినా, షేర్డ్ మెమరీ పాడై ఉండొచ్చని పోస్ట్‌మాస్టర్ అనే ప్రధాన ప్రాసెస్ మిగతా బ్యాకెండ్లన్నిటినీ ఆపి రికవరీ మొదలుపెడుతుంది. చూసేవాళ్లకు డేటాబేసే కూలినట్టుంటుంది. మరి 9 జీబీ తిన్న ప్రాసెస్‌ను వదిలి దీన్నెందుకు పట్టుకున్నట్టు? ట్రాకింగ్ సర్వీసు ముఖ్యమైనదని ఎవరో, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీకి ఇచ్చే దాని ఫైల్లో ఓఓఎం స్కోర్ అడ్జస్ట్ విలువను మైనస్ 900 పెట్టి ఉంచారు. కెర్నెల్ లెక్క సూటిగా ఉంటుంది. ప్రాసెస్ వాడే ర్యామ్, స్వాప్, పేజ్ టేబుళ్లు కలిపి మొత్తం మెమరీలో వెయ్యికి ఎంత వంతో చూసి, దానికి ఈ అడ్జస్ట్ విలువను కలుపుతుంది. 16లో 9 అంటే సుమారు 560. అందులోంచి 900 తీస్తే ఇక ఆ ప్రాసెస్ వంక చూడదు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నట్టు పక్కవాడి మీద పడుతుంది. కాబట్టి ఓఓఎం లాగ్‌లో చంపబడిన పేరు కాదు, దాని పైన ముద్రించే ప్రాసెస్‌ల పట్టిక చదవాలి. ఆ పట్టికలో ఆర్‌ఎస్‌ఎస్ కాలమ్ పేజీల్లో ఉంటుంది, కేబీల్లో కాదు. 4తో గుణించుకోవాలి.

గాజువాక యార్డులో ఆపరేషన్స్ చూసేవాళ్ల సలహా ఒకటే: "రాత్రి రెండింటికి ఓ రీస్టార్ట్ కొట్టేస్తే సరిపోద్ది కదండీ." సరిపోతుంది, కొన్నాళ్లు. కానీ రీస్టార్ట్ కొట్టిన ప్రతిసారీ రోడ్డు మీదున్న లారీలన్నీ ఒకే క్షణాన మళ్లీ కనెక్ట్ అవుతాయి. అంతకంటే ముఖ్యంగా, రోజూ సున్నా అయిపోయే గ్రాఫ్ నుంచి ఏమీ తెలుసుకోలేం. వెతికినన్నాళ్లు ఆ రాత్రి రీస్టార్ట్ వద్దన్నాం.

ముందు ఏ ఖాతాలో పెరుగుతోందో తేల్చుకోవడం

మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ పెడదామా, నడుస్తున్న ప్రాసెస్‌ను కెర్నెల్ లోంచి గమనించే ఈబీపీఎఫ్ పెడదామా అన్న చర్చ మొదటి గంటలోనే వస్తుంది. అది తర్వాతి మాట. మెమరీ ఏ ఖాతాలో ఉందో తెలియకుండా ఏ టూల్ పెట్టినా ఊరికే కాలం పోతుంది.

ఫ్రీ కమాండ్‌లో 'ఫ్రీ' కాలమ్ తగ్గితే కంగారు పడనక్కర్లేదు, అది పేజ్ క్యాష్, అంటే కెర్నెల్ ర్యామ్‌లో ఉంచుకున్న ఫైళ్ల డేటా. చూడాల్సింది 'అవైలబుల్'. అదీ రోజురోజుకీ దిగిపోతుంటే ప్రాక్ ఫోల్డర్ కింది మెమ్‌ఇన్ఫో ఫైలు తెరిచి నాలుగు లైన్లు చూడాలి: అనాన్‌పేజెస్, ష్మెమ్, ఎస్‌-అన్‌రిక్లెయిమ్, పేజ్‌టేబుల్స్. అనాన్‌పేజెస్, అంటే ఏ ఫైలుకూ చెందని పేజీలు, పెరిగితే ఏదో ప్రాసెస్ హీప్ (నడుస్తూ అడిగి తీసుకునే మెమరీ) లేదా స్టాక్. ష్మెమ్ పెరిగితే షేర్డ్ మెమరీ లేదా టెంప్‌ఎఫ్‌ఎస్, అంటే ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్. అలాంటిదే అయిన దేవ్‌ష్మ్‌లో ఎవరైనా లాగ్ ఫైళ్లు రాసుకుంటూ పోతే అదంతా ర్యామే, ఏ ప్రాసెస్ పేరు మీదా కనబడకపోవచ్చు. ఎస్‌-అన్‌రిక్లెయిమ్ పెరిగితే సంగతి కెర్నెల్ లోపల ఉంది. అప్పుడు కెర్నెల్ క్యాష్‌లను చూపే స్లాబ్‌టాప్‌ను సైజు వారీగా పేర్చి ఏ క్యాష్ లావెక్కుతోందో చూడాలి. ఫైళ్ల పేర్లు గుర్తుంచుకునే డెంట్రీ లాంటివి రిక్లెయిమబుల్ (వెనక్కి తీసుకోగలిగినవి) కిందే వస్తాయి. అవి పెరిగినా ఒత్తిడి వస్తే కెర్నెల్ వదిలేస్తుంది. అన్‌రిక్లెయిమ్ ఆగకుండా పెరుగుతుంటే డ్రైవర్ లీకును అనుమానించాలి. కెర్నెల్ లీకులు వెతికే కేమెమ్‌లీక్ ఉన్న కెర్నెల్‌తో టెస్ట్ మెషీన్‌లో పట్టుకోవాలి గానీ, ప్రొడక్షన్‌లో దాని భారం మోయలేం.

మా దగ్గర పెరిగింది అనాన్‌పేజెస్ ఒక్కటే. ఇక ఏ ప్రాసెస్ అన్నది. టాప్‌లో కనిపించే ఆర్‌ఎస్‌ఎస్‌ను నేరుగా నమ్మితే పోస్ట్‌గ్రెస్ బ్యాకెండ్లు కూడా లీకవుతున్నట్టే కనిపిస్తాయి. కారణం, ఒక బ్యాకెండ్ షేర్డ్ బఫర్లలో (అన్ని బ్యాకెండ్లూ పంచుకునే క్యాష్‌లో) ఎన్ని పేజీలు తాకితే అన్నీ దాని ఆర్‌ఎస్‌ఎస్‌లో చేరుతూ పోతాయి. షేర్డ్ బఫర్ల పరిమాణం దగ్గరకొచ్చి ఆగుతుంది. ప్రాక్ కింద ఆ ప్రాసెస్ స్టేటస్ ఫైల్లో కెర్నెల్ ఆర్‌ఎస్‌ఎస్‌ను మూడు ముక్కలుగా ఇస్తుంది: అనాన్, ఫైల్, ష్మెమ్. లీకు వెతికేవాడికి కావాల్సింది అనాన్ ముక్క. ఒకే మెమరీని పంచుకునే వర్కర్లు ఉంటే స్మ్యాప్స్_రోలప్‌లోని పీఎస్‌ఎస్ చూడాలి. అది పంచుకున్న పేజీని పంచుకున్నవాళ్ల సంఖ్యతో భాగిస్తుంది. స్టేటస్ అంకెలు కొంచెం అటూఇటూ ఉంటాయి, స్మ్యాప్స్_రోలప్ కచ్చితం, కానీ అది చదివేటప్పుడు మ్యాపులన్నీ నడిచి చూస్తుంది కాబట్టి పెద్ద ప్రాసెస్ మీద తరచుగా చదవకూడదు. రోజువారీ లెక్కకు స్టేటస్, అప్పుడప్పుడు సరిచూసుకోవడానికి స్మ్యాప్స్_రోలప్.

ఏ పనితో పాటు పెరుగుతోంది

ఈ కథలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఐదు లైన్ల షెల్ స్క్రిప్టు. ఐదు నిమిషాలకోసారి ఒక వరుస రాస్తుంది: సమయం, ఆర్‌ఎస్‌ఎస్-అనాన్, థ్రెడ్ల సంఖ్య, ప్రాక్ కింద ఆ ప్రాసెస్ ఎఫ్‌డీ (తెరిచి ఉన్న ఫైళ్లు, సాకెట్లు) ఫోల్డర్‌లో ఎన్ని ఎంట్రీలున్నాయి, అప్పటిదాకా వచ్చిన మొత్తం ప్యాకెట్లు, అప్పటిదాకా వచ్చిన మొత్తం కనెక్షన్లు. పిడ్‌స్టాట్‌తోనూ మెమరీ అంకె వస్తుంది, కానీ పక్కన పని లెక్క లేకపోతే ఆ అంకె మూగది.

గ్రాఫ్ ఆకారాన్ని బట్టి చాలా తెలుస్తుంది. మొదట ఎగబాకి తర్వాత చదునైతే అది క్యాష్ నిండడమో, ప్రోగ్రామ్‌కు మెమరీ పంచే అలొకేటర్ తన దగ్గర అట్టేపెట్టుకోవడమో, లీకు కాదు. పని లేని వేళల్లోనూ గీత ఒకే వాలుతో పోతుంటే టైమర్ మీద నడిచేదేదో కారుస్తోంది. పనితో పాటు పోతుంటే ఏ పనితో అన్నది తేల్చాలి. మా గీతను ప్యాకెట్ల పక్కన పెడితే కుదరలేదు. పగలు ప్యాకెట్లు ఎక్కువ, పెరుగుదల మాత్రం తెల్లవారుజాము గంటల్లో ఎక్కువ. కొత్త కనెక్షన్ల పక్కన పెడితే రెండు గీతలూ అతుక్కున్నాయి. ఎఫ్‌డీ లెక్క కూడా వాటి వెంటే. నడిచే లారీలకంటే తెరిచి ఉన్న సాకెట్లు ఎన్నో రెట్లు ఎక్కువ.

తెల్లవారుజామునే ఎందుకు? రాత్రి పోర్టులో లోడెత్తి విజయనగరం మీదుగా సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు పోయే బళ్లు ఆ వేళకు కొండల్లో ఉంటాయి. మలుపు మలుపుకీ సిగ్నల్ పోతుంది, వస్తుంది. వచ్చిన ప్రతిసారీ పరికరం కొత్త కనెక్షన్ తెరుస్తుంది. పాతది మూసేవాళ్లు లేరు.

ఇక్కడో సంగతి చెప్పాలి. సిస్టమ్‌డీ సర్వీసులకు ఓపెన్ ఫైళ్ల సాఫ్ట్ లిమిట్ మామూలుగా 1024. అది అలాగే ఉండి ఉంటే 'ఓపెన్ ఫైళ్లు మరీ ఎక్కువ' అన్న ఎర్రర్‌తో సంగతి ఎప్పుడో బయటపడేది. ఎప్పుడో ఒకసారి ఆ ఎర్రర్ వచ్చినందుకే కాబోలు, లిమిట్‌ను 65535 చేశారు. లిమిట్ పెంచితే ఎర్రర్ పోయింది, కారణం మెమరీ వైపు తిరిగింది. లిమిట్ పెంచమని ఎవరైనా అడిగితే ఎఫ్‌డీ లెక్క గ్రాఫ్ చూపించమని అడగడం మంచిది.

అలొకేటర్ వాటా ఎంత

సాకెట్లు కనిపించాయి కదా అని అక్కడితో ఆగలేదు. 9 జీబీలో ఎంత నిజంగా వాడకంలో ఉంది, ఎంత జీలిబ్‌సీ (మా అలొకేటర్ ఉన్న సీ లైబ్రరీ) చేతిలో ఊరికే ఉంది అన్నది తేలకపోతే, సరిచేశాక కూడా ఆర్‌ఎస్‌ఎస్ దిగకపోతే గందరగోళం.

ప్రాసెస్ మెమరీ పటం చూపే పీమ్యాప్‌ను -ఎక్స్ ఆప్షన్‌తో నడిపితే అనాన్ ముక్కలు వరసగా కనిపించాయి. రాయగల ముక్క ఒకటి, దాని పక్కనే అనుమతులేమీ లేని ముక్క ఒకటి, రెండూ కలిపితే సరిగ్గా 65536 కేబీ. ఇది జీలిబ్‌సీ ఎరీనా గుర్తు, అంటే అలొకేటర్ విడిగా నడిపే ఒక మెమరీ కొట్టు. 64 బిట్ మెషీన్‌లో ఎరీనాల గరిష్ఠం కోర్ల సంఖ్యకు 8 రెట్లు, అంటే మాకు 64. థ్రెడ్లు మెమరీ అడిగే మాలాక్ ఫంక్షన్ కోసం ఒకదాన్నొకటి అడ్డుకోకుండా వేర్వేరు ఎరీనాల్లోకి చెదిరిపోతాయి. ఒక ఎరీనాలో ఖాళీ అయిన చోటు ఇంకో ఎరీనాకు పనికిరాదు. పైగా హీప్ చివర్లో ఒక చిన్న ఆబ్జెక్ట్ బతికి ఉన్నా దాని కింద ఖాళీగా ఉన్నదంతా దానంతటది కెర్నెల్‌కు తిరిగి పోదు.

దీన్ని కొలిచే దగ్గరి దారి మాలాక్_ట్రిమ్. దీనికి సున్నా ఇచ్చి పిలిస్తే అన్ని ఎరీనాల్లోనూ, మధ్యలో ఖాళీగా ఉన్న పేజీల్ని సైతం కెర్నెల్‌కు వదులుతుంది. జీడీబీ అనే డీబగ్గర్‌తో, నడుస్తున్న ప్రాసెస్‌కు తగులుకుని పిలవొచ్చు. కానీ జీడీబీ ఆపిన థ్రెడ్ ఆ క్షణాన మాలాక్ లోపలే తాళం పట్టుకుని ఉంటే, అదే థ్రెడ్ మీద మాలాక్_ట్రిమ్ పిలవగానే తన తాళం కోసం తనే ఎదురుచూస్తూ ప్రాసెస్ బిగుసుకుపోతుంది. ముందు బ్యాక్‌ట్రేస్ చూసి, ఈపోల్ వెయిట్‌లో నిద్రపోతున్న థ్రెడ్‌ను ఎంచుకోవాలి. అదీ స్టాండ్‌బై మెషీన్ మీద. మేం స్టాండ్‌బైకి అదే ట్రాఫిక్ మళ్లించి చూశాం. 9 జీబీలో తిరిగొచ్చింది 700 ఎంబీ చిల్లర. అంటే మిగతాది ఎవరో నిజంగానే పట్టుకుని కూర్చున్నారు. ఇదే ట్రిమ్‌లో ఏడెనిమిది జీబీ తిరిగొచ్చి ఉంటే కోడ్ వెతకడం మానేసి, ఎరీనాల సంఖ్య తగ్గించి ఇంటికి పోయేవాళ్లం.

వాల్‌గ్రైండ్ ఏమీ లేదంది

ఇది ముందే ఊహించొచ్చు, అయినా చాలామంది ఇక్కడే వారాలు పోగొట్టుకుంటారు. వాల్‌గ్రైండ్‌లో లీకులు చూసే మెమ్‌చెక్ కింద ప్రోగ్రామ్ 20 నుంచి 30 రెట్లు నెమ్మదిస్తుంది, కాబట్టి అది స్టేజింగ్‌లోనే. ఆపిన తర్వాత రిపోర్టు చూస్తే 'డెఫినెట్లీ లాస్ట్' కింద కొన్ని వందల బైట్లు, అంతే. కారణం, మెమ్‌చెక్ వెతికేది ఎవరి చేతిలోనూ పాయింటర్ మిగలని మెమరీని. సర్వర్లలో ఎక్కువగా దొరికే లీకు అది కాదు. మ్యాప్‌లో పెట్టి తీయడం మరచిపోయినవి, క్యూలో పేరుకున్నవి, కాలబ్యాక్ పట్టుకున్నవి, వీటన్నిటికీ పాయింటర్లు భద్రంగా ఉంటాయి. ఇంకా చిత్రమేమిటంటే, ఆగిపొమ్మనే సిగ్‌టెర్మ్ అందుకుని ప్రోగ్రామ్ మర్యాదగా ముగిస్తే డిస్ట్రక్టర్లు ఆ మ్యాప్ మొత్తాన్ని ఊడ్చేస్తాయి. అప్పుడు 'స్టిల్ రీచబుల్' వరుస కూడా సున్నాకు దగ్గరగా వస్తుంది. శుభ్రమైన రిపోర్టు, లీకైన సర్వర్.

దానికి మందు ఆపకుండా మధ్యలో అడగడం. వాల్‌గ్రైండ్‌తో వచ్చే వీజీడీబీ ద్వారా, నడుస్తున్న ప్రోగ్రామ్‌కు లీక్_చెక్ పంపి, 'రీచబుల్', 'ఇంక్రీజ్డ్' అన్న రెండు మాటలు జోడిస్తే, కిందటిసారి అడిగినప్పటికీ ఇప్పటికీ ఏ చోట నుంచి తీసుకున్న మెమరీ పెరిగిందో చెబుతుంది. మెమ్‌చెక్‌ను లీకుల కోసం వాడితే ఇలాగే వాడాలన్నది నా అభిప్రాయం.

ప్రొడక్షన్‌లో మాత్రం ఈబీపీఎఫ్ మీద నడిచే బీసీసీ టూల్స్‌లోని మెమ్‌లీక్ వాడాం. ఉబుంటులో ప్యాకేజీ పేరు బీపీఎఫ్‌సీసీ-టూల్స్. కమాండ్ పేరు చివర కూడా బీపీఎఫ్‌సీసీ తగిలించి ఉంటుంది. ఇది మాలాక్, ఫ్రీ ఫంక్షన్ల దగ్గర కాపలా పెట్టి, తీసుకున్నవి ఎన్ని, తిరిగి ఇవ్వనివి ఎన్ని అన్నది కాల్ స్టాక్ (ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందన్న వరుస) వారీగా లెక్కేస్తుంది. తగులుకున్న తర్వాత తీసుకున్న మెమరీనే చూస్తుంది. అంతకుముందే పోయిన 9 జీబీ సంగతి దానికి తెలియదు. తెలియనక్కర్లేదు కూడా, అదే చోట మళ్లీ కారుతుంది. -ఓ ఆప్షన్ ముఖ్యం. మామూలుగా 500 మిల్లీసెకన్లకంటే పాతవన్నీ చూపిస్తుంది, సర్వర్‌కు అది మరీ తక్కువ. ప్రతి చిన్న రిక్వెస్టూ జాబితాలో పడుతుంది. మేం 600000, అంటే పది నిమిషాలు పెట్టాం. -జెడ్ ఆప్షన్‌తో 4096 బైట్లకు తక్కువైనవి లెక్కలోంచి తీసేశాం. అలా వడకట్టినా ప్రతి మాలాక్ పిలుపుకీ ప్రోబ్ పేలుతూనే ఉంటుంది. సెకనుకు లక్షల మాలాక్‌లుండే ప్రాసెస్ దీనికింద తప్పకుండా మందగిస్తుంది. ట్రాఫిక్ పలచగా ఉన్నప్పుడు అరగంట పెట్టి తీసేయాలి.

ఆ వరుసలో మెట్టు మెట్టుకీ దారి చూపే ఫ్రేమ్ పాయింటర్లు లేకపోతే స్టాక్ ఒకటి రెండు మెట్లకే తెగిపోతుంది. మా బైనరీని ఫ్రేమ్ పాయింటర్లు ఉంచమనే ఫ్లాగుతో మళ్లీ బిల్డ్ చేశాం. అది మా కోడ్‌కు మాత్రమే, 22.04లోని సీ ప్లస్‌ప్లస్ లైబ్రరీలో అవి ఉండవు. ఆ లైబ్రరీలోని 'ఆపరేటర్ న్యూ' తన ఫ్రేమ్ కట్టదు కాబట్టి, దాన్ని నేరుగా పిలిచిన ఫంక్షన్ ఒక్కోసారి స్టాక్‌లోంచి మాయమై దాని పైవాడు కనిపిస్తాడు. చూపించిన ఫంక్షన్‌లో న్యూ అన్నదే లేదే అని తల పట్టుకునేముందు ఒక మెట్టు కిందికి చూడాలి. ఉబుంటు 24.04 నుంచి డిస్ట్రో ప్యాకేజీలనే ఫ్రేమ్ పాయింటర్లతో బిల్డ్ చేస్తున్నారు, ఈ బాధ చాలావరకు తగ్గింది.

ఈబీపీఎఫ్ అనుమతించని చోట జేమాలాక్ అనే వేరే అలొకేటర్ మరో దారి. ఎల్‌డీ ప్రీలోడ్‌తో ఎక్కించి, మాలాక్ కాన్ఫ్‌లో ప్రొఫైలింగ్ ఆన్ చేసి, శాంపిల్ విలువ 19 పెడితే సగటున 512 కేబీ అలొకేషన్‌కు ఒక నమూనా తీసుకుంటుంది. రెండు డంపుల తేడాను జేప్రాఫ్‌లో బేస్ ఆప్షన్‌తో చూడాలి. విడి డంపు ఒక్కటి చూస్తే మామూలు వాడకమే పైన కూర్చుంటుంది. ఆ లైబ్రరీ ప్రొఫైలింగ్‌తో బిల్డ్ అయినదై ఉండాలి, కాకపోతే ఆ కాన్ఫ్ జంట చెల్లదని స్టార్టప్‌లోనే చెబుతుంది.

మెమ్‌లీక్ జాబితాలో అన్నిటికంటే పైన వచ్చినది, ఒక్కో కనెక్షన్‌కు పుట్టే సెషన్ ఆబ్జెక్ట్ కన్‌స్ట్రక్టర్. ఒక్కో సెషన్‌కు 64 కేబీ రీడ్ బఫర్, మిగతా సరంజామాతో కలిపి 90 కేబీ దాకా. వెయ్యి అనాథ సెషన్లంటే 90 ఎంబీ. ఆ బఫర్‌ను వెక్టర్‌గా పూర్తి సైజుతో కడుతున్నారు కాబట్టి సున్నాలు నింపేటప్పుడే పేజీలన్నీ తాకి ర్యామ్‌లోకి వచ్చేస్తాయి. చోటు రిజర్వ్ చేసి వదిలేసి ఉంటే తాకని పేజీలకు ర్యామ్ ఖర్చు ఉండేది కాదు.

పుట్టించినవాడు వేరు, పట్టుకున్నవాడు వేరు

చచ్చిన కనెక్షన్లు నిజంగా చచ్చాయా అన్నది సాకెట్ల జాబితా ఇచ్చే ఎస్‌ఎస్ కమాండ్‌తో తేలింది. -టీఐ ఆప్షన్ ఇస్తే ప్రతి సాకెట్‌కూ 'లాస్ట్ ఆర్‌సీవీ' అన్న అంకె వస్తుంది, చివరి డేటా వచ్చి ఎన్ని మిల్లీసెకన్లయిందో. అరనిమిషానికోసారి మాట్లాడాల్సిన పరికరాల సాకెట్లలో వేలాదివి గంటల తరబడి, కొన్ని రోజుల తరబడి మౌనం. స్థితి మాత్రం 'ఎస్టాబ్లిష్డ్'.

టీసీపీ తప్పేమీ లేదు. అవతలివాడు కనెక్షన్ ముగిసిందని చెప్పే ఫిన్ గానీ రీసెట్ గానీ పంపకుండా మాయమైతే, ఇవతలివాడు తనంతట తాను ఏదైనా పంపితేనే సంగతి తెలుస్తుంది. పంపి ఉంటే జవాబు రాక, మామూలు సెట్టింగులో 15 రీట్రైలు, దాదాపు పావుగంటలో కెర్నెల్ కనెక్షన్‌ను తుంచేసేది. మా సర్వర్ ప్యాకెట్ వస్తేనే ఆక్ ఇస్తుంది, తనంతట తాను ఏమీ అడగదు. అవతలివాడు ఉన్నాడా అని పరీక్షించే కీప్‌అలైవ్ ఉంది కదా అంటారు. అది సాకెట్ మీద ప్రత్యేకంగా ఆన్ చేస్తేనే పనిచేస్తుంది, చేసినా మొదటి పరీక్ష 7200 సెకన్ల తర్వాత.

కీప్‌అలైవ్ ఆన్ చేసి ఐడిల్ 120, ఇంటర్వెల్ 30, కౌంట్ 4 పెట్టాం. 120కి నాలుగు ముప్పైలు కలిపి నాలుగు నిమిషాల్లో చచ్చిన సాకెట్ తెగుతుంది. దానికి తోడు అప్లికేషన్‌లోనే పది నిమిషాల ఐడిల్ టైమవుట్. ఒకటి చాలదా అంటే చాలదు. కీప్‌అలైవ్‌కు జవాబిచ్చేది పరికరంలోని టీసీపీ స్టాక్. పైన ప్రోగ్రామ్ బిగుసుకుపోయి ఉన్నా అది జవాబిస్తూనే ఉంటుంది.

ఇది పెట్టాక ఎఫ్‌డీ లెక్క లారీల సంఖ్య దగ్గరే నిలబడింది. ఆర్‌ఎస్‌ఎస్-అనాన్ మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంది! సాకెట్ మూశారు, సెషన్ చావలేదు.

ఇక్కడ మెమ్‌లీక్ చేతులెత్తేస్తుంది. అది చెప్పేది ఆబ్జెక్ట్‌ను పుట్టించిందెవరో. ఎవరు పట్టుకున్నారో చెప్పదు. ముందటి లీకుకూ దీనికీ స్టాక్ అదే. ఆబ్జెక్ట్‌ను ఎంతమంది పట్టుకున్నారో లెక్క ఉంచే షేర్డ్ పాయింటర్లు వాడే కోడ్‌లో సెషన్ మూసే చోట యూజ్ కౌంట్‌ను లాగ్‌లో రాయించడం తేలికైన పని. ఒకటి రావాలి, రెండు వచ్చింది. ఆ రెండోవాడు టైమర్. ప్రతి సెషన్‌కూ నిమిషానికోసారి సారాంశం రాసే టైమర్ ఉంది, దాని కాలబ్యాక్ లాంబ్డా సెషన్ షేర్డ్ పాయింటర్‌ను కాపీ చేసి పట్టుకుంది, మోగిన ప్రతిసారీ తనను తాను మళ్లీ పెట్టుకుంటుంది. సాకెట్ మూసినా టైమర్‌ను రద్దు చేసే లైను లేదు. సెషన్ ఎప్పటికీ చావదు. లాంబ్డాలో ఆ లెక్కలోకి రాని వీక్ పాయింటర్ పెట్టి, లోపల లాక్ చేసి, సెషన్ లేకపోతే వెనక్కి తిరిగే రెండు లైన్లు రాసి, మూసే ఫంక్షన్‌లో టైమర్ రద్దు చేశాక గీత చదునైంది.

చదునైంది 1.1 జీబీ దగ్గర, 600 ఎంబీ దగ్గర కాదు. ఇందాక చెప్పిన ఎరీనాల సంగతి ఇప్పుడు పైకొచ్చింది. సిస్టమ్‌డీ డ్రాప్-ఇన్‌లో మాలాక్_ఎరీనా_మ్యాక్స్ విలువ 2 పెడితే 750 ఎంబీకి వచ్చింది. ఎరీనాలు తగ్గితే థ్రెడ్లు తాళం కోసం కొట్టుకుంటాయన్న భయం పాతది. జీలిబ్‌సీ 2.26 నుంచి ప్రతి థ్రెడ్‌కూ తన చిన్న క్యాష్ ఉంది, సుమారు ఒక కేబీ లోపు ముక్కలు చాలావరకు తాళం లేకుండానే దొరుకుతాయి. మా సీపీయూ గ్రాఫ్‌లో తేడా కనబడలేదు. కానీ పెద్ద ముక్కలు ఎక్కువగా తీసుకునే ప్రోగ్రామ్ అయితే కొలిచి చూసుకోవాలి.

జావా వాళ్లకు ఒక మాట. మధురవాడ, రుషికొండల్లో సగం సర్వర్లు జావావే కదా. హీప్ పరిమితి ఎక్స్ఎంఎక్స్ 4 జీబీ పెట్టినా ప్రాసెస్ 6 జీబీ తింటోందంటే హీప్ డంపు తీసి లాభం లేదు, పెరుగుతున్నది హీప్ బయట: మెటాస్పేస్, థ్రెడ్ స్టాకులు, డైరెక్ట్ బఫర్లు. నేటివ్ మెమరీ ట్రాకింగ్‌ను సమ్మరీ స్థాయిలో పెట్టి స్టార్ట్ చేసి, జేసీఎండీతో బేస్‌లైన్ తీసి, కొన్ని గంటల తర్వాత డిఫ్ అడగాలి. అందులో ఏదీ పెరగకుండా ఆర్‌ఎస్‌ఎస్ పెరుగుతుంటే మళ్లీ జీలిబ్‌సీ ఎరీనాలో, జేఎన్‌ఐ లైబ్రరీయో.

కాపలా, టెస్టు

మైనస్ 900 తీసేశాం. సర్వీసుకు మెమరీ మ్యాక్స్ 3 జీబీ, ఫెయిల్ అయితే రీస్టార్ట్. ఇక మళ్లీ కారినా తన సీగ్రూప్‌లోనే, అంటే ఆ పరిమితి పెట్టిన గుంపులోనే, చస్తుంది, పోస్ట్‌గ్రెస్ జోలికి పోదు. మెమరీ హై కూడా పెట్టమని చాలాచోట్ల సలహా ఇస్తారు. లీకయ్యే ప్రాసెస్‌కు, అందులోనూ స్వాప్ లేని మెషీన్‌లో, అది మేలుకంటే కీడే ఎక్కువ. ఆ గీత దాటగానే కెర్నెల్ ప్రాసెస్‌ను నెమ్మదింపజేసి పేజీలు వెనక్కి లాక్కోవాలని చూస్తుంది. అనాన్ పేజీల్ని స్వాప్ లేకుండా ఎక్కడికి లాక్కుంటుంది? ప్రాసెస్ చావదు, పని చేయదు, రీస్టార్ట్ కూడా అవ్వదు. సీగ్రూప్ వాడకం చూసేటప్పుడు మెమరీ.కరెంట్‌లో పేజ్ క్యాష్ కూడా కలిసి ఉంటుందని గుర్తుంచుకుని, అలర్టును మెమరీ.స్టాట్‌లోని అనాన్ వరుస మీద పెట్టాలి.

ఈ సాకెట్ల లీకు టెస్టుల్లో ఎందుకు దొరకలేదన్నదానికి జవాబు ఆఫీసు టెస్టింగ్ పద్ధతిలోనే ఉంది. టెస్ట్ క్లయింట్‌ను కిల్ -9తో చంపినా దాని సాకెట్లను ఆ మెషీన్ కెర్నెల్ మర్యాదగా మూస్తుంది. సర్వర్‌కు ఫిన్ లేదా రీసెట్ అందుతుంది, సాకెట్ శుభ్రంగా మూసుకుంటుంది. ఘాట్ రోడ్డును ఆఫీసులో తెప్పించాలంటే ప్యాకెట్లు నోరెత్తకుండా పోవాలి. నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (అదే మెషీన్‌లో విడి నెట్‌వర్క్) ఒకటి కట్టి, అందులోంచి 2000 నకిలీ పరికరాల్ని కనెక్ట్ చేయించి, వీఈత్ ఇంటర్‌ఫేస్ మీద టీసీ నెట్‌ఎమ్‌తో లాస్ (ప్యాకెట్ల నష్టం) 100 శాతం పెడతాం. ప్యాకెట్లు ఆగాక క్లయింట్ ప్రోగ్రామ్‌ను ఆ స్థితిలోనే చంపి, అప్పుడు లాస్ తీస్తాం. ఈ వరుస తప్పకూడదు. లాస్ ముందు తీస్తే ఆలస్యంగా వచ్చిన ఫిన్‌లు సర్వర్‌కు చేరి టెస్టు అబద్ధం చెబుతుంది. లాస్ ఉండగా చంపినా క్లయింట్ కెర్నెల్ ఫిన్‌ను కాసేపు మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది కాబట్టి లాస్ తీయడం కంటే నేమ్‌స్పేస్‌నే తీసేయడం ఇంకా నయం. ఆ తర్వాత పదిహేను నిమిషాలు ఆగి, సర్వర్ బయటపెట్టే సెషన్ కౌంటర్ చదువుతుంది స్క్రిప్టు. సున్నా రాకపోతే ఆ బిల్డ్ రిలీజ్‌కు పోదు.